చిన్న వీడియోగ్రఫీ వ్యాపారం: పెళ్ళి, వాణిజ్య చిత్రీకరణ

పెళ్ళిళ్లను, ఇతర శుభకార్యాలను, వ్యాపార సంస్థల ప్రచార చిత్రాలను రుసుముపై చిత్రీకరించి, ఎడిట్ చేసి అందించే స్వయం ఉపాధి వృత్తి. యజమానే ప్రధాన కెమెరామన్‌గా ఉండి, ఒక్కరుగా గాని ఇద్దరు ముగ్గురు సహాయకులతో గాని నడిపే సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పట్టణాల్లో, మండల కేంద్రాల్లో ఈ పని ఎక్కువగా ఫొటో స్టూడియోలకు అనుబంధంగా పెరిగింది. పెళ్ళి చిత్రీకరణకూ వాణిజ్య చిత్రీకరణకూ పరికరాలు చాలావరకు ఒకటే. తేడా పని స్వభావంలో ఉంది. ప్రకటనలో నచ్చని షాట్‌ను మళ్ళీ తీయవచ్చు. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియను మళ్ళీ తీయలేరు. పరికరాల ఎంపిక, సిబ్బంది, ధర, ఒప్పందం వంటి ఏర్పాట్లలో చాలావాటికి ఈ తేడాయే మూలం.

1. పరిభాష

వృత్తిలో ఉన్నవారు ఒక కార్యక్రమానికి కుదిరిన పనిని ‘ఆర్డర్’ అని, పని ఇచ్చిన కుటుంబాన్ని ‘పార్టీ’ అని అంటారు. పూజలు, తంతులు వరుసగా, విడవకుండా తీసే పద్ధతి ‘ట్రెడిషనల్’. మనుషుల సహజమైన హావభావాలను వారికి తెలియకుండా పట్టుకునే పద్ధతి ‘క్యాండిడ్’. ఎడిటింగ్‌కు వాడుకలో ఉన్న మాట ‘మిక్సింగ్’. మిక్సింగ్ మాత్రమే చేసే గదిని ‘మిక్సింగ్ యూనిట్’ అంటారు. నిమిషం అటూ ఇటూగా ఉండే తొలి చిత్రం ‘టీజర్’, ముఖ్య ఘట్టాలను కొద్ది నిమిషాలకు కుదించినది ‘హైలైట్స్’, రెండు మూడు గంటలు సాగేది ‘ఫుల్ వీడియో’. పెళ్ళికి ముందు వధూవరులతో పాటల చిత్రీకరణలా తీసేది ‘ప్రీ వెడ్డింగ్’.

2. చరిత్ర

2.1 క్యాసెట్ కాలం

1975లో సోనీ బీటామ్యాక్స్‌ను, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌ను జపాన్‌లో విడుదల చేశాయి. భారతదేశంలో 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా రంగుల టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ దశాబ్దంలోనే రంగుల టీవీలు, వీసీఆర్‌లు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. అంతకుముందు పెళ్ళిలో కదిలే బొమ్మ తీయించడమంటే 8 లేదా 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడాలి. అది సంపన్నులకే సాధ్యమయ్యేది. భుజాన పెట్టుకునే వీహెచ్ఎస్ క్యామ్‌కార్డర్లు వచ్చాక స్టూడియోలు ఫొటోతోపాటు వీడియో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాయి.

ఆనాటి కెమెరాలకు వెలుతురు ఎక్కువ కావాలి. అందుకే హాలోజన్ దీపం పట్టుకొని కెమెరా వెంట నడిచే లైట్ బాయ్ బృందంలో తప్పనిసరి అయ్యాడు. ఒక వీసీఆర్‌లో క్యాసెట్‌ను నడుపుతూ, మరొకదానిలో రికార్డు చేస్తూ, మధ్యలో మిక్సర్ యంత్రంతో పూలు, హృదయాకారాలు వంటి ప్రత్యేక ప్రభావాలు జోడించి ఎడిటింగ్ చేసేవారు. ప్రతి నకలుకూ బొమ్మ నాణ్యత కొంత తగ్గేది. 180 నిమిషాల క్యాసెట్‌లో ఎంత పడితే అంత పెళ్ళి వీడియోగా మిగిలేది.

2.2 డిజిటల్ టేపు, డిస్కులు

1995లో వచ్చిన మినీ డీవీ టేపుతో బొమ్మను కంప్యూటర్‌లోకి నాణ్యత తగ్గకుండా ఎక్కించడం చిన్న స్టూడియోలకు వీలైంది. సోనీ వీఎక్స్1000 (1995), పీడీ150 (2000), పీడీ170 (2003) ఈ తరం కెమెరాల్లో పేరుపొందినవి. మిక్సింగ్ యంత్రాల స్థానంలో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. తెలుగు ప్రాంతాల మిక్సింగ్ యూనిట్లలో ఈడియస్ విస్తృతంగా పాతుకుపోయింది. పార్టీకి ఇచ్చే వస్తువు క్యాసెట్ నుంచి వీసీడీకి, అక్కడి నుంచి 4.7 గిగాబైట్ల డీవీడీకి మారింది.

2.3 డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్

2008లో వచ్చిన క్యానన్ 5డీ మార్క్ 2 ఈ వృత్తిలో పెద్ద మలుపు. 36×24 మిల్లీమీటర్ల సెన్సర్, మార్చుకోగల లెన్సుల వల్ల వెనకదృశ్యం మసకబారి మనిషి మాత్రమే స్పష్టంగా కనిపించే సినిమా తరహా బొమ్మ చిన్న బడ్జెట్‌లో సాధ్యమైంది. మొదట సెకనుకు 30 ఫ్రేములే తీయగలిగిన ఈ కెమెరాకు 2010లో 24, 25 ఫ్రేముల సదుపాయం చేరింది. తర్వాత 2013లో వచ్చిన సోనీ ఏ7తో మొదలైన ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ శ్రేణి తక్కువ వెలుతురులో పనిచేయగల సామర్థ్యం వల్ల రాత్రి ముహూర్తాలకు అనువైంది. 2013లో డీజేఐ ఫాంటమ్ డ్రోన్, ఆ దశాబ్దంలోనే చేతిలో పట్టుకునే గింబల్ రావడంతో గాలిలో నుంచి తీసే షాట్లు, కుదుపు లేని నడక షాట్లు మామూలు ప్యాకేజీల్లో భాగమయ్యాయి.

2.4 ప్రత్యక్ష ప్రసారం, నిలువు వీడియో

2020 మార్చిలో లాక్‌డౌన్ తర్వాత పెళ్ళికి హాజరయ్యేవారి సంఖ్యను 50కి పరిమితం చేయడంతో యూట్యూబ్ ద్వారా ప్రత్యక్ష ప్రసారం ఊపందుకుంది. అమెరికా, గల్ఫ్ దేశాల్లో బంధువులున్న కుటుంబాల్లో ఈ అలవాటు తర్వాత కూడా కొనసాగింది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వల్ల 9:16 నిష్పత్తిలో నిలువుగా తీసే చిత్రాలకు గిరాకీ పెరిగింది. పెళ్ళి జరుగుతుండగానే ఫోన్‌తో తీసి అదే రోజు రీల్స్ అందించేవారు ప్రత్యేక విభాగంగా ఏర్పడ్డారు.

3. రకాలు

3.1 పెళ్ళి, శుభకార్యాలు

తెలుగు హిందూ వివాహంలో చిత్రీకరణ నిశ్చితార్థంతో మొదలై పెళ్ళికూతురిని, పెళ్ళికొడుకును చేయడం, స్నాతకం, కాశీయాత్ర, ఎదురుకోలు, గౌరీపూజ, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం, అప్పగింతలు, గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్ దాకా సాగవచ్చు. తెలంగాణలో మైలపోలు, బరాత్, ఒడిబియ్యం వంటివి చేరతాయి. తంతుల వరుస, పేర్లు ప్రాంతాన్ని బట్టి, కులాచారాన్ని బట్టి మారుతాయి. ముస్లిం కుటుంబాల్లో నిఖా, వలీమా, క్రైస్తవ కుటుంబాల్లో చర్చి ఆరాధన, రిసెప్షన్ ప్రధాన ఘట్టాలు. ఓణీల వేడుక, పంచెకట్టు, సీమంతం, బారసాల, అన్నప్రాశన, గృహప్రవేశం, షష్టిపూర్తి కూడా ఇదే విభాగంలోకి వస్తాయి.

3.2 ప్రీ వెడ్డింగ్

విశాఖ సముద్రతీరం, అరకు, లంబసింగి, గండికోట, పాపికొండలు, కోనసీమ, అనంతగిరి కొండలు, రామోజీ ఫిల్మ్ సిటీ ఈ చిత్రీకరణకు ఎంచుకునే స్థలాల్లో ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలో ఇందుకోసమే సెట్లు వేసి రోజు అద్దెకు ఇచ్చే ఆవరణలు వెలిశాయి.

3.3 వాణిజ్య చిత్రీకరణ

నగల దుకాణాలు, వస్త్ర దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, హోటళ్లు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, చిన్న పరిశ్రమలు ప్రధాన వినియోగదారులు. స్థానిక కేబుల్ టీవీ ప్రకటనలు, సంస్థ పరిచయ చిత్రాలు, వస్తువుల వీడియోలు, శిక్షణ పాఠాలు, సమావేశాల రికార్డింగ్, సామాజిక మాధ్యమాలకు నెలవారీ రీల్స్ ఇందులో ఉంటాయి. నెలకు ఇన్ని వీడియోలని స్థిర రుసుముపై కుదిరే ఒప్పందాలు చిన్న సంస్థలకు నిలకడైన రాబడి మార్గం.

3.4 సంస్థల మధ్య పని

ఒకే రోజున రెండు మూడు ఆర్డర్లున్న స్టూడియో ఇతర కెమెరామన్లను రోజు కూలిపై పిలుస్తుంది. అలా వెళ్ళినవారు చిత్రీకరణ ముగిసిన వెంటనే డేటాను పిలిచిన స్టూడియోకు అప్పగిస్తారు. పార్టీతో వారికి నేరుగా లావాదేవీ ఉండదు. మిక్సింగ్, కలర్ గ్రేడింగ్, డ్రోన్, ఎల్ఈడీ తెర, క్రేన్ పనులు కూడా ఇలాగే విడివిడిగా బయటివారికి ఇస్తారు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారు చాలామంది మొదట ఈ రోజు కూలి పనులతోనే నిలదొక్కుకుంటారు.

4. కాలచక్రం, గిరాకీ

పెళ్ళి ఆర్డర్లు పంచాంగాన్ని అనుసరిస్తాయి (చూ. పంచాంగం, మౌఢ్యమి). మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం ముహూర్తాలు ఎక్కువగా ఉండే మాసాలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, అధికమాసం, గురు శుక్ర మౌఢ్యాల రోజుల్లో హిందూ వివాహాలు సాధారణంగా జరగవు. ఫలితంగా ఒకే బలమైన ముహూర్తానికి ఊరంతా పెళ్ళిళ్లు కుదిరి కెమెరామన్ల కొరత ఏర్పడుతుంది. తర్వాత వారాల తరబడి పని ఉండదు. అమ్ముడుపోని ముహూర్తపు రోజును దాచుకొని మరోసారి అమ్మడం సాధ్యం కాదు.

వాణిజ్య పనికి వేరే క్యాలెండర్ ఉంది. సంక్రాంతి, అక్షయ తృతీయ, దసరా, దీపావళి ప్రకటనలు, వేసవిలో విద్యాసంస్థల ప్రవేశాల ప్రచారం దాని ముఖ్య సమయాలు. పెళ్ళిళ్లు లేని ఆషాఢంలోనే వస్త్ర దుకాణాలు ఆషాఢం తగ్గింపు ధరల ప్రకటనలు ఇస్తాయి. ఈ రెండు క్యాలెండర్లు కొంతవరకు ఒకదాని ఖాళీని మరొకటి పూరించడం చిన్న సంస్థలు రెండు పనులనూ కలిపి చేపట్టడానికి ఒక కారణం.

5. పరికరాలు, సాంకేతిక అంశాలు

5.1 కెమెరా, ఫ్రేము రేటు

ఒంటరిగా పనిచేసేవారు కూడా కనీసం రెండు కెమెరాలు ఉంచుకుంటారు. ఒకటి మొరాయిస్తే రెండోది పనికొస్తుంది. మామూలు సమయంలో రెండో కోణాన్ని ఇస్తుంది. ఒకేసారి రెండు కార్డుల మీద రికార్డు చేసే సదుపాయం పెళ్ళి పనిలో ముఖ్యమైన అర్హత. మెమరీ కార్డుల మీద ఉండే వీ30, వీ60, వీ90 గుర్తులు సెకనుకు కనీసం 30, 60, 90 మెగాబైట్లు రాయగల వేగాన్ని సూచిస్తాయి.

భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. అందువల్ల మండపంలోని దీపాల కింద సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు, 1/50 లేదా 1/100 షట్టర్ వేగం వాడితే బొమ్మ మినుకుమినుకుమనే సమస్య తగ్గుతుంది. 30 లేదా 60 ఫ్రేములకు తగ్గట్టు 1/60 లేదా 1/120 షట్టర్ పెడితే అదే వెలుతురు కింద చారలు పడవచ్చు. వేదిక వెనక పెట్టే ఎల్ఈడీ తెరల రిఫ్రెష్ రేటు వేరుగా ఉంటుంది. కాబట్టి ముహూర్తానికి ముందే షట్టర్‌ను సరిచూసుకోవాలి.

5.2 శబ్దం

పురోహితుడి మంత్రాలు, అప్పగింతల మాటలు, పెద్దల దీవెనలు వీడియోకు విలువ తెచ్చే అంశాలు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ సమయంలో గట్టిమేళం మోగినప్పుడు శబ్దం ఒక్కసారిగా పెరిగి రికార్డింగ్ పగిలిపోతుంది. దీన్ని నివారించడానికి ఒకే మైకును రెండు చానళ్లలో, రెండోదాన్ని తక్కువ స్థాయిలో రికార్డు చేస్తారు. పురోహితుడికి లేదా వరుడికి కాలర్ మైకు పెట్టడం, మైక్ సెట్ మిక్సర్ నుంచి నేరుగా శబ్దం తీసుకోవడం ఇతర పద్ధతులు.

5.3 డేటా పరిమాణం

సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీసిన 4కే వీడియో గంటకు సుమారు 45 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. మూడు కెమెరాలు ఆరేసి గంటలు తీస్తే 810 గిగాబైట్లు, రెండు నకళ్లు ఉంచితే 1.6 టెరాబైట్లు అవుతుంది. అందుకే హార్డ్ డిస్కుల ఖర్చును చాలా సంస్థలు ఒక్కొక్క ఆర్డర్‌కు విడిగా లెక్కకడతాయి. మూడు నకళ్లు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒక నకలు వేరే చోట అనే ‘3-2-1’ పద్ధతి డేటా భద్రతలో ప్రామాణికంగా పేర్కొనేది.

6. పని విధానం

6.1 పెళ్ళి ఆర్డర్

ముందస్తు మాటల్లో తేదీ, ముహూర్తం, మండపం, తంతుల జాబితా, ఇరువైపుల ముఖ్య బంధువుల వివరాలు రాసుకుంటారు. పెళ్ళికొడుకు ఇంట్లో, పెళ్ళికూతురు ఇంట్లో ఒకే సమయంలో కార్యక్రమాలుంటే రెండు బృందాలు కావాలి. మండపాన్ని ముందుగా చూసి విద్యుత్ సరఫరా, కెమెరా నిలిపే చోటు, వెలుతురు దిశ నిర్ణయిస్తారు.

ముహూర్తపు ఘడియ చిత్రీకరణకు కేంద్రం. వధూవరుల మధ్య తెరసెల్ల ఉంటుంది కాబట్టి ఒక కెమెరా వధువు ముఖం వైపు, మరొకటి వరుడి ముఖం వైపు, మూడోది రెండు పక్కలా కనిపించేలా ఎత్తులో పెడతారు. జీలకర్ర బెల్లం పెట్టిన మరుక్షణం తెర తొలగి ఒకరినొకరు చూసుకునే దృశ్యం సెకన్లలో ముగుస్తుంది. సరిగ్గా అప్పుడే అక్షింతలు వేయడానికి బంధువులు ముందుకు వచ్చి కెమెరాలకు అడ్డం పడతారు. మాంగల్యధారణలో మూడు ముళ్లు వేసే వైపు వెనక భాగం కాబట్టి అక్కడ ఒకరు ముందే చోటు పట్టుకోవాలి. తలంబ్రాలను నెమ్మది కదలికలో చూపడానికి సెకనుకు 50 లేదా 100 ఫ్రేములతో తీస్తారు. హోమం పొగలో ఆటోఫోకస్ తప్పవచ్చు. పురోహితుడితో ముందుగా మాట్లాడుకోవడం, ఫొటోగ్రాఫర్‌తో చేతి సైగలు కుదుర్చుకోవడం వృత్తి మెలకువల్లో భాగం.

చిత్రీకరణ ముగిసిన రాత్రే డేటాను రెండు చోట్లకు ఎక్కించి, సరిచూశాకే కార్డులను ఖాళీ చేస్తారు. మిక్సింగ్‌లో కోణాలను శబ్దం ఆధారంగా ఒకే కాలరేఖపై కలపడం, తంతుల వరుస సరిచూడడం, రంగులు సమం చేయడం, పాటలు చేర్చడం దశలు. పార్టీ చూసి పేర్లు, బంధువుల వరుసలు, వద్దనుకున్న దృశ్యాలు చెప్పాక తుది ప్రతి తయారవుతుంది. పెన్ డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు రెండు అంశాలు గమనిస్తారు. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఒక ఫైలు 4 గిగాబైట్లు మించకూడదు. పాత టీవీలు హెచ్.265 వీడియోను ఆడించలేవు, హెచ్.264 దాదాపు అన్నిటిలో ఆడుతుంది.

6.2 వాణిజ్య చిత్రం

వాణిజ్య చిత్రంలో పని కాగితం మీద మొదలవుతుంది. ఎవరికి, ఏ మాధ్యమంలో, ఎంత నిడివిలో, ఏం చెప్పాలి అనే వివరాల తర్వాత స్క్రిప్టు, షాట్ల జాబితా, కొటేషన్, కాల్‌షీట్ తయారవుతాయి. నటులు, గాత్రం, సంగీతం, స్థలం అద్దె విడి పద్దులు. మొదటి ఎడిట్ చూపాక ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే రాసుకోకపోతే పని అంతులేకుండా సాగే ప్రమాదం ఉంది. ఒకే చిత్రాన్ని టీవీకి అడ్డంగా 16:9లో, రీల్స్‌కు నిలువుగా 9:16లో ఇవ్వవలసి వస్తే చిత్రీకరణ సమయంలోనే రెండు చట్రాలకూ సరిపడా చోటు వదలాలి.

7. ఆర్థిక నిర్వహణ

7.1 ఖర్చు లెక్క

ధరలో కెమెరామన్ల కూలి, ప్రయాణం, మిక్సింగ్ గంటలు, హార్డ్ డిస్కు, పెన్ డ్రైవ్, పరికరాల అరుగుదల, గది అద్దె, యజమాని జీతం చేరాలి. చిన్న సంస్థల లెక్కల్లో తరచు జారిపోయేవి అరుగుదల, యజమాని శ్రమ. ఉదాహరణకు రూ. 6 లక్షల పరికరాలు నాలుగేళ్లు పనికొస్తాయని, ఏడాదికి 40 ఆర్డర్లు వస్తాయని అనుకుంటే ఒక్కొక్క ఆర్డర్‌పై రూ. 3,750 అరుగుదల కిందే పడుతుంది. ఆర్డర్లు 20కి తగ్గితే అది రూ. 7,500 అవుతుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కెమెరాల వంటి యంత్రసామగ్రికి ఏటా 15 శాతం, కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల అనుమతి ఉంది.

7.2 ధర విధానాలు, చెల్లింపులు

రోజు లెక్క, ప్యాకేజీ, పని మొత్తానికి కలిపి ధర అనే మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పెళ్ళి ఆర్డర్‌లో అడ్వాన్స్, పెళ్ళి రోజున మరో భాగం, వీడియో ఇచ్చేటప్పుడు మిగతాది తీసుకోవడం సాధారణం. పెళ్ళి ఖర్చులు ముగిశాక చివరి భాగం ఆలస్యమవుతుంది. చివరి భాగం రాలేదని వీడియో ఆగుతుంది, వీడియో రాలేదని చెల్లింపు ఆగుతుంది. ఈ చిక్కును తగ్గించడానికి కొన్ని సంస్థలు పెళ్ళి రోజు ముగిసేలోపే సింహభాగం వసూలయ్యేలా కిస్తీలు అమరుస్తాయి.

7.3 పెట్టుబడి, నమోదు

ప్రధానమంత్రి ముద్ర యోజన (2015) కింద శిశు విభాగంలో రూ. 50 వేల వరకు, కిశోర్‌లో రూ. 5 లక్షల వరకు, తరుణ్‌లో రూ. 10 లక్షల వరకు రుణాలున్నాయి. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదుతో సూక్ష్మ సంస్థగా గుర్తింపు లభిస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు సంస్థ ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వర్తిస్తుంది. వాణిజ్య వినియోగదారుల బకాయిల విషయంలో ఇది ఉపయోగపడే నిబంధన.

8. చట్టపరమైన అంశాలు

8.1 జీఎస్టీ

సేవల రంగంలో వార్షిక టర్నోవర్ రూ. 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. వీడియోగ్రఫీ సేవలపై రేటు 18 శాతం. కొన్న వస్తు సేవలపై చెల్లించిన పన్నును వ్యాపార సంస్థలు తమ పన్నులో సర్దుబాటు చేసుకోగలవు. పెళ్ళి కుటుంబానికి ఆ వీలు లేదు. కాబట్టి నమోదు వల్ల వాణిజ్య పనికి ఇబ్బంది తక్కువ, పెళ్ళి పనిలో మాత్రం ధర పెరిగినట్టే కనిపిస్తుంది. రూ. 50 లక్షల వరకు టర్నోవర్ ఉన్న సేవాదారులు 6 శాతం కాంపోజిషన్ పథకాన్ని ఎంచుకోవచ్చు. అయితే ఆ పన్నును వినియోగదారు నుంచి విడిగా వసూలు చేయకూడదు, ఇతర రాష్ట్రాలకు సేవలు అందించకూడదు.

8.2 కాపీరైట్

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఒకరి కోరికపై ప్రతిఫలం తీసుకొని తీసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారే తొలి యజమానులు. కనుక పెళ్ళి దృశ్యాలను తన ప్రచారానికి వాడుకోవాలంటే స్టూడియో ఒప్పందంలోనే అనుమతి రాయించుకోవాలి.

అదే చట్టంలోని సెక్షన్ 52(1)(జడ్‌ఏ) వివాహ ఊరేగింపులో, సంబంధిత వేడుకల్లో పాటలు వినిపించడానికి మినహాయింపు ఇస్తుంది. సినిమా పాటను వీడియోలో కలిపి ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే హక్కులకు సంబంధించిన విషయం. యూట్యూబ్ అలాంటి వీడియోలను గుర్తించి నిలిపివేయవచ్చు లేదా ప్రకటనల రాబడిని పాట హక్కుదారులకు మళ్ళించవచ్చు. వాణిజ్య చిత్రాల్లో లైసెన్సు పొందిన సంగీతమే వాడాలి.

8.3 డ్రోన్

2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో డ్రోన్లు. నానో డ్రోన్ నడపడానికి, వ్యాపారేతర పనికి మైక్రో డ్రోన్ నడపడానికి పైలట్ ధ్రువపత్రం అక్కర లేదు. రుసుము తీసుకొని మైక్రో డ్రోన్ ఎగరేసేవారికి అది అవసరం. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఈ పరిమితి 200 అడుగులు. అంతకంటే దగ్గరైతే అనుమతి కావాలి. శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఉన్న కల్యాణ మండపాలు, రిసార్టులకు ఇది నేరుగా వర్తించే నిబంధన. ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా రూ. లక్ష.

8.4 ఇతర నిబంధనలు

తిరుమల శ్రీవారి ఆలయం సహా అనేక ఆలయాల లోపల కెమెరాలకు అనుమతి లేదు. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో వాణిజ్య చిత్రీకరణకు ముందస్తు అనుమతి పొందాలి. 2016 రెరా చట్టం ప్రకారం నమోదు కావలసిన వెంచర్ల ప్రకటనల్లో రెరా నమోదు సంఖ్య చూపాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద డేటా పోవడం, వీడియో ఇవ్వకపోవడం సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు రావచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

8.5 ఒప్పందంలో ఉండే అంశాలు

తేదీలు, గంటలు, కెమెరాల సంఖ్య, అందించే వీడియోల నిడివి, గడువు, కిస్తీలు, మార్పుల పరిమితి, పెళ్ళి వాయిదా పడితే అడ్వాన్స్ సంగతి, కెమెరామన్ రాలేకపోతే ప్రత్యామ్నాయం, డేటా నష్టమైతే బాధ్యత పరిమితి, ముడి డేటా ఎన్ని నెలలు ఉంచుతారు, ప్రచారానికి వాడే అనుమతి ప్రధానమైనవి. గ్రామీణ ప్రాంతాల్లో ఒప్పందం ఎక్కువగా నోటి మాట మీద, రసీదు పుస్తకం మీద నడుస్తుంది. వాట్సాప్‌లో రాతపూర్వకంగా నిర్ధారించుకోవడం దానికి మెరుగైన మధ్యేమార్గంగా వాడుకలోకి వచ్చింది.

9. శిక్షణ, సిబ్బంది

చాలామంది స్టూడియోలో లైట్ బాయ్‌గా, సహాయకుడిగా చేరి పని నేర్చుకున్నవారే. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుకళ, లలితకళల విశ్వవిద్యాలయం, 2011లో స్థాపించిన అన్నపూర్ణ కళాశాల వంటి చోట్ల ఫొటోగ్రఫీ, సినిమా కోర్సులున్నాయి. మండల, జిల్లా స్థాయుల్లో ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘాలు పనిచేస్తున్నాయి. పెళ్ళికూతురిని చేయడం వంటి ఆడవారి వేడుకలకు, కొన్ని ముస్లిం కుటుంబాల్లో స్త్రీల విభాగానికి మహిళా వీడియోగ్రాఫర్లను కోరుతారు.

10. సవాళ్లు

పరికరాలు త్వరగా పాతబడడం, ఒకే వీధిలో ధరల పోటీ, బకాయిలు ప్రధాన ఆర్థిక సమస్యలు. తెల్లవారుజాము ముహూర్తాలు, వరుస రాత్రుల నిద్రలేమి, గంటల తరబడి బరువు మోయడం వల్ల మెడ, నడుము నొప్పులు వృత్తిపరమైన ఇబ్బందులు. మంచి కెమెరాలున్న ఫోన్లు, పాటకు తగ్గట్టు దానంతటదే ఎడిట్ చేసే కృత్రిమ మేధ సాధనాలు చిన్న నిడివి వీడియోల పనిని తగ్గిస్తున్నాయి. శబ్దం శుభ్రం చేయడం, ముఖాల ఆధారంగా దృశ్యాలు వెతకడం వంటి చోట్ల అవే సాధనాలు మిక్సింగ్ సమయాన్ని ఆదా చేస్తున్నాయి.

11. ప్రాముఖ్యం, భద్రత

పెళ్ళి వీడియోలు కుటుంబ చరిత్రకు ఆధారాలు. కాలం చేసిన పెద్దల గొంతు, నడక చాలా ఇళ్లలో వాటిలోనే మిగిలి ఉన్నాయి. అప్పగింతల పాటలు, ప్రాంతీయ మాండలికాలు, మేళం వాయించే తీరు, ఆభరణాలు, వంటల బంతులు కూడా ఎవరూ ఉద్దేశించకుండానే వాటిలో నమోదయ్యాయి.

ఈ నిధి నిలకడ అనిశ్చితం. వీహెచ్ఎస్ టేపులోని అయస్కాంత పూత కాలక్రమంలో చెడుతుంది. జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో వీసీఆర్ తయారీ ఆపేయడంతో వాటిని చూపే కొత్త యంత్రాలు రావడం ఆగిపోయింది. పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చడం స్టూడియోలకు అదనపు సేవగా మారింది. పెన్ డ్రైవ్‌లు, హార్డ్ డిస్కులు కూడా శాశ్వతం కావు. ఒప్పందంలోని గడువు తీరాక స్టూడియో తన ప్రతిని చెరిపివేయవచ్చు. ఆ తర్వాత వీడియోకు కొత్త నకళ్లు తీసి ఉంచే బాధ్యత కుటుంబానిదే.

సంబంధిత అంశాలు: తెలుగు వివాహ విధానం; పంచాంగం; ఫొటో స్టూడియో; ప్రకటన చిత్రం; డ్రోన్ నియమాలు; కాపీరైట్ చట్టం, 1957; ఉద్యమ్ నమోదు.